ఒక్కసారే పలికే మైనం

డిప్యూటీ గోర్మన్ అప్పటికే బేడీలు వేసేశాడు. డిటెక్టివ్ ఆంబ్రోస్ ప్రూట్ కొట్టంలో అడుగు పెట్టేసరికి వర్జిల్ నోక్స్ ఒక గడ్డిమోపు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇనుప కడియాలు వేరెవరివో అయినట్టు వాటివంక చూస్తున్నాడు. పక్కనే అతడి అక్క ఐడా నిలబడి ఉంది. షూటింగులో గుర్రాలను చూసుకునే మనిషి. పట్నానికి ఫోన్ చేసి ప్రూట్‌ని పిలిపించింది ఆవిడే. ఏడవడం లేదు. ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయినట్టుంది.

“ఒకటిన్నర,” అన్నాడు గోర్మన్ గడియారం చూసుకుని. “బాగానే పరిగెత్తుకొచ్చావు ప్రూట్. కాని ఇక్కడ పని అయిపోయింది. మూడింటికి వీణ్ణి జైలుకి తీసుకుపోతున్నా. నువ్వు కాస్త కాఫీ తాగి వెళ్ళు.”

“తాగుతాలే. ముందు పోయినవాడి సంగతి చెప్పు.”

ఇద్దరూ ఒకప్పుడు రైల్వేలో కలిసి పనిచేసినవాళ్ళే. ప్రూట్ పట్టుకున్న దొంగని తను పట్టినట్టు చూపించి గోర్మన్ ప్రమోషన్ కొట్టేశాడు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తరు, ఎప్పుడూ మరిచిపోరు.

“ఓటిస్ బ్రిగ్స్, కెమెరామన్,” అన్నాడు గోర్మన్. “మూగ సినిమాల కాలం నుంచీ ఇదే పని. వీడు ఆయన సహాయకుడు. ఇవాళ కెమెరా వీడు నడపాలి, మొదటిసారి. డైరెక్టరే ఆ అవకాశం ఇచ్చాడు. తీరా పొద్దున షాట్ ముందు ముసలాయన అడ్డం తిరిగాడు. నా కెమెరా మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వనని, పన్నెండుమంది చూస్తుండగా వీణ్ణి తోసేసి తనే కెమెరా ఉండే చెక్క పెట్టెలోకి వెళ్ళాడు. వీడికి ఒళ్ళు మండింది. ఇంకేం కావాలి?”

“ఒళ్ళు మండినవాళ్ళందర్నీ పట్టుకుంటే నీ జైల్లో నీకే చోటుండదు. టైములు చెప్పు.”

గోర్మన్ జేబులోంచి పుస్తకం తీశాడు. “పదీ నలభై ఒకటికి ముసలాయన పెట్టెలోకి వెళ్ళాడు. వీడు బయట గడియ పెట్టాడు. నలభై ఆరుకి కెమెరా మొదలు. యాభైకి కట్ అన్నారు. యాభై ఒకటికి వీడు గడియ తీసి ఒక్కడే లోపలికెళ్ళాడు. వెనకాల తలుపు మూసుకుంది. యాభై రెండుకి బయటికొచ్చి ముసలాయన పోయాడని అరిచాడు. మొహం నీలం, ఒంటిమీద గీత కూడా లేదు, ఊపిరాడక పోయాడని డాక్టరు చెప్పాడు. కెమెరా మీద కప్పే నల్లగుడ్డ లోపలే ఉంది. ఆ నిమిషంలో ఆ గుడ్డతో మొహం అదిమేశాడు. అంతే.”

“నేను వెళ్ళేసరికే కూలబడి ఉన్నాడు సార్,” అన్నాడు వర్జిల్. “గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెద్దాయనా, పెద్దాయనా అని కుదిపాను. నాకు అర్థం కావడానికే నిమిషం పట్టింది.”

“నోరు ముయ్యరా,” అన్నాడు గోర్మన్.

ఐడా కదిలింది. “వాడికి మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయింది సార్. అప్పట్నుంచీ నేనే పెంచాను. పాముని కూడా కర్రతో పక్కకి నెడతాడు కాని చంపడు. మూడింటికి వాణ్ణి ఆ కారెక్కిస్తే మళ్ళీ నా చేతికి రాడు. ఈయన రాసిందాని మీద వాడు సంతకం పెట్టేస్తాడు. వాడి సంగతి నాకు తెలుసు.”

ప్రూట్ చొక్కా చేతులు మడిచి కెమెరా పెట్టె దగ్గరికి నడిచాడు.

సినిమాకి మాట వచ్చాక ఈ పెట్టెలు వచ్చాయి. కెమెరా చప్పుడు మైకులో పడకుండా కెమెరానీ మనిషినీ కలిపి బీరువాలాంటి చెక్క గదిలో పెట్టి, గోడలకు దుప్పట్లు దట్టించి, ముందు గాజు పలక బిగించి, బయటినుంచి గడియ వేస్తారు. టేక్ అయ్యేదాకా అందులో గాలి ఆడదు, లోపలి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు. ఆగస్టు ఎండకి ఆ పెట్టె పొయ్యిలాగే ఉంటుంది. అందుకని ఓ మూల తొట్టిలో ఐస్ ముక్కలు పోసి, మీద గోనెపట్టా కప్పుతారు.

ప్రూట్ ముందు నేల చూశాడు. తొట్టి చుట్టూ ఈగలు చచ్చి పడున్నాయి. గుప్పెడు ఉంటాయి. కొట్టం నిండా ఈగలే, గుర్రాలున్న చోట ఈగలుండక ఏముంటాయి, కాని చచ్చినవి ఈ పెట్టెలోనే ఉన్నాయి. తరవాత గోనెపట్టా ఎత్తి తొట్టిలో చెయ్యి పెట్టాడు. అడుగంటా తడిమాడు. పొడిగా ఉంది.

“నీళ్ళేవి?” అన్నాడు.

“ఏ నీళ్ళు?”

“ఐస్ కరిగితే నీళ్ళవుతాయి గోర్మన్. తొట్టెడు ఐస్‌కి కనీసం అరబకెట్టు ఉండాలి. గోనె కూడా తడవలేదు.”

“ఎండకి ఆరిపోయుంటాయి. నువ్వు ఐసు నీళ్ళ దగ్గర ఆగిపోయావు, నేను హంతకుణ్ణి పట్టుకున్నాను. యాభైకి కట్ అనేదాకా ముసలాయన బతికే ఉన్నాడయ్యా. నాలుగు నిమిషాల ఫిలిమూ ఎక్కడా ఆగకుండా తిరిగింది. నేనూ మూగ సినిమాల్లో గుంపులో వేషాలు వేసినవాణ్ణే. తిప్పేవాడు లేకపోతే కెమెరా తిరగదు.”

ప్రూట్ పక్కకి జరిగి కెమెరాకి దారి ఇచ్చాడు. “ఎలా తిప్పుతారో చూపించు.”

గోర్మన్ ఒంగి కుడిపక్క చూశాడు, ఎడమపక్క చూశాడు, వెనక చూశాడు. తిప్పే పిడి ఎక్కడా లేదు. కెమెరా కడుపులోంచి వేలెడు లావు తీగ ఒకటి నేలలోకి దిగిపోయి ఉంది.

“మాటల సినిమాకి చేత్తో తిప్పరు,” అన్నాడు ప్రూట్. “బొమ్మా మాటా ఒకే వేగంతో నడవాలి కదా. ఆ తీగ బయట సౌండ్ లారీ దాకా పోతుంది. అక్కడ మీట నొక్కితే ఇక్కడ మోటారు తిరుగుతుంది. లోపల మనిషి బతికున్నా తిరుగుతుంది, చచ్చిపోయినా తిరుగుతుంది.”

గోర్మన్ మెడ ఎర్రబడింది. “సరే, తిరిగింది. అయితే ఎప్పుడు పోయాడో ఎవడు చెప్తాడు? గాజులోంచి కనపడేది కెమెరా మూతి ఒక్కటే. చూసినవాడు లేడు.”

“విన్నవాడున్నాడు,” అన్నాడు ప్రూట్.

సౌండ్ లారీ కొట్టానికి నలభై అడుగుల దూరంలో ఉంది. కిటికీలు లేవు. లోపల సౌండ్ మనిషి వెస్కాట్ తెల్లచొక్కా నలగకుండా, జుట్టు చెదరకుండా కూర్చుని ఉన్నాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్థుడు. ప్రూట్‌ని చూడగానే లేచి కుర్చీ వేశాడు.

“మీకు ఇక్కణ్ణుంచి కొట్టం ఏమీ కనపడదా?”

“అసలు కనపడదండీ. పొద్దున ఆరింటికి ఇందులో దూరితే సాయంత్రం దాకా మనిషి మొహం చూడను. నా పనంతా చెవులతోనే.” మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్ తట్టి చూపించాడు.

“పొద్దున ఏం విన్నారు?”

“హీరో, హీరోయిన్ల మాటలు. పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు. హీరో గుర్రాన్ని తలుపు పక్కనే కట్టేశారు, అది కాలు నేలకేసి కొడుతూ ఉంది. అదొక్కటే కాస్త చిరాకనిపించింది. అయినా మా లాఫర్టీ రెండో టేక్ తీసే డైరెక్టరు కాడు.”

“ఆ టేక్ నాకు వినిపిస్తారా?”

వెస్కాట్ వెనక్కి తిరిగి అరలోంచి, టేక్ మాటలన్నీ గీతలుగా చెక్కిన ఒక మందపాటి మైనపు పళ్ళేన్ని రెండు అరచేతులతో అంచులు పట్టుకుని దించాడు. “వినిపిస్తాను. కాని ఒక్కసారే. డబ్బున్న కంపెనీలు రెండు పళ్ళేల మీద చెక్కిస్తాయి, ఒకటి అక్కడికక్కడ వినడానికి, ఒకటి దాచడానికి. మావాళ్ళు ఒకదానిమీదే చెక్కిస్తారు. మైనం సబ్బులా మెత్తగా ఉంటుంది. సూది పెట్టి వింటే గీతలన్నీ అరిగిపోతాయి. రెండోసారి పెడితే గరగర తప్ప ఏమీ రాదు.”

“అయితే ముట్టుకోవడానికి వీల్లేదు,” అన్నాడు గుమ్మంలోంచి గోర్మన్. “అది సాక్ష్యం. కోర్టుకి పోవాలి.”

“పోదండీ,” అన్నాడు వెస్కాట్ మెత్తగా. “ఇవాళ నూట అయిదు డిగ్రీలుంది. సాయంత్రానికి గీతలు వాటంతటవే కరిగిపోతాయి. మీ ఇష్టం. వినండి, మానండి, నాకేమీ అభ్యంతరం లేదు.”

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ప్రూట్ అప్పుడు సంతోషించాడు. ఆ సంతోషం తలుచుకుని తరవాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

“వింటే పోతుంది, వినకపోతే కరిగిపోతుంది,” అన్నాడతడు. “ఒక్క చెవి విన్నది సాక్ష్యం కాదు గోర్మన్. పొద్దున కొట్టంలో ఉన్న పన్నెండుమందినీ పిలు. నువ్వూ ఉండు. వర్జిల్‌ని బేడీలతోనే కూర్చోబెట్టు. లౌడ్‌స్పీకరు కొట్టంలో పెట్టించండి వెస్కాట్ గారూ.”

రెండూ నలభైకి అందరూ చేరారు. ప్రూట్ చేతిలో గడియారం పట్టుకుని లౌడ్‌స్పీకరు ఎదురుగా నిలబడ్డాడు. ఎవరూ దగ్గకూడదని లాఫర్టీ అలవాటు కొద్దీ వేలు ఎత్తాడు. లారీలో సూది మైనం మీద దిగింది.

ముందు గరగర. తరవాత హీరో గొంతు. ఈ లోయలో నీళ్ళు నీ తండ్రివి, వాటికోసం నేను ప్రాణమిస్తానంటున్నాడు. హీరోయిన్ వద్దంటోంది. నలభై సెకన్లు గడిచాయి. అప్పుడు ఆ మాటల వెనక మొదలైంది. ధబ్. కాస్త ఆగి, ధబ్ ధబ్. మెత్తగా, బరువుగా, చెక్కనేల మీంచి వచ్చే చప్పుడు.

“అదే గుర్రం,” అన్నాడు లాఫర్టీ గొంతు తగ్గించి. “నేనూ విన్నాను.”

“నేనూ,” అంది హీరోయిన్ వేషం వేసిన పిల్ల. “దానివల్ల ఒక మాట తడబడ్డాను కూడా.”

ఐడా మొహంలో రక్తం లేదు. ప్రూట్ ఆమె వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది, ఆపకుండా.

చప్పుడు గబగబా వచ్చింది, ఏడెనిమిది ఒక్కసారిగా. హీరో తన ఊరి గురించి చెబుతున్నాడు. చప్పుడు విడివిడిగా అయింది. మళ్ళీ ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. గడియారంలో రెండు నిమిషాల యాభై సెకన్లు. ఆ తరవాత ఇంక రాలేదు. హీరో, హీరోయిన్లు మరో నిమిషం పైగా ప్రేమించుకున్నారు, లాఫర్టీ గొంతు కట్ అంది, సూది లేచింది.

“అది డస్టీ కాదు,” అంది ఐడా.

“ఏంటమ్మాయ్?” అన్నాడు గోర్మన్.

“మా గుర్రం కాదు. మాటల షాట్‌లో గుర్రాలకి నేను ఉన్ని జోళ్ళు తొడుగుతాను. మందంగా, నాలుగు మడతలు. లేకపోతే గిట్టల చప్పుడే రికార్డవుతుంది. పొద్దున డస్టీకి నాలుగు కాళ్ళకీ తొడిగాను. ఇంకా విప్పలేదు.”

“తమ్ముడి కోసం అక్క ఏదైనా చెప్తుంది.”

ఐడా మూలకి వెళ్ళి గుర్రాన్ని విప్పింది. కళ్ళెం పట్టుకుని, అందరి మధ్యలోంచి, ఆ చెక్కనేల మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపించింది. అంత పెద్ద జంతువు దూదిమీద నడిచినట్టు వెళ్ళింది. గోర్మన్ ముందుకొచ్చేసరికి ఆపి, దాని ముందుకాలు చేత్తో ఎత్తి నేలకేసి కొట్టింది. ఏమీ వినపడలేదు.

ముందు అర్థమైంది హీరోయిన్‌కి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. “నేను గుర్రమనుకున్నాను,” అంది. “అయ్యో, గుర్రమనుకున్నాను.” హీరో టోపీ తీశాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మళ్ళీ పెట్టుకున్నాడు. లాఫర్టీ పెదవులు కదిలాయి, మాట రాలేదు. రెండు నిమిషాలపాటు ఒక మనిషి ప్రాణం కోసం నేలకేసి తన్నుకుంటుంటే, పదడుగుల దూరంలో పన్నెండుమంది ఊపిరి బిగబట్టి నిలబడి, చప్పుడు చేయకుండా అతణ్ణి చావనిచ్చారు. ప్రూట్ ముప్పై ఏళ్ళలో చాలా చావులు చూశాడు. ఇలా చావుని కూర్చుని వినడం ఇదే మొదలు. అతడి అరచేతిలో గడియారం తడిసిపోయింది.

ప్రూట్ దాన్ని తుడిచి జేబులో పెట్టుకున్నాడు. “పదీ నలభై తొమ్మిది కాకముందే చప్పుడు ఆగిపోయింది. అప్పుడు వర్జిల్ ఎక్కడున్నాడు?”

“నా ఎదురుగా,” అంది హీరోయిన్ ఏడుస్తూనే. “వెలుగు పడాలని రేకు పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు నిమిషాలూ.”

“మేమంతా చూశాం,” అన్నారు ఇంకెవరో.

గోర్మన్ తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. బేడీలు ఊడదీస్తూ వర్జిల్ మొహం చూడలేదు. “సరే, వీడు కాదు. మరెవడు? లోపలికెవడూ పోలేదు. ఎలా చంపాడు, చెప్పు చూద్దాం.”

“తెలీదు,” అన్నాడు ప్రూట్. నిజంగానే తెలియదు. కాని తొట్టి పొడిగా ఉండడం అతణ్ణి గుచ్చుతూనే ఉంది. ఐడా తమ్ముణ్ణి రెండు చేతులతో చుట్టేసింది. ఇప్పుడు ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకి తెలిసింది. ప్రూట్ వాళ్ళని అలా వదిలి వంట గుడారం వైపు వెళ్ళాడు. ఆ తొట్టి నింపేది వంటమనిషి మేబెల్ అని ఎవరో చెప్పారు.

అతడు అటు వెళ్ళగానే ఇక్కడ లాఫర్టీకి మాట వచ్చింది. ఈ కొట్టం రేపు సాయంత్రం దాకే వాళ్ళది, సినిమా రేపటితో అయిపోవాలి. శవాన్ని తీసుకుపోయారు కదా, పని చేసుకోవచ్చా అని గోర్మన్‌ని అడిగాడు. గోర్మన్‌కి అప్పుడు ఎవరి మీదైనా విసుగే. చేసుకోండి, చావండి అన్నాడు. లాఫర్టీ వర్జిల్ భుజం తట్టాడు. పొద్దున ఇస్తానన్న కెమెరా ఇప్పుడు అతడి చేతిలో పెట్టాడు.

గుడారంలో మేబెల్ ప్రూట్‌కి కాఫీ పోసింది. అరవై ఏళ్ళ మనిషి. చేతులు పనిచేస్తున్నంతసేపూ నోరు కూడా పనిచేస్తుంది.

“ఐసా? ఐస్ బండి వచ్చి రెండ్రోజులైంది బాబూ. ఉంటే మీకు ఈ వేడినీళ్ళు ఎందుకు పోస్తాను? నిమ్మరసం ఇచ్చుండేదాన్ని.”

ప్రూట్ కప్పు దించాడు. “మరి పొద్దున కెమెరా పెట్టెలో తొట్టి ఎవరు నింపారు?”

“వెస్కాట్ గారు. నిన్న రాత్రి రైలు స్టేషన్ నుంచి ఒక పెట్టె దింపించుకున్నాడు. పొగలొచ్చే ఐస్. ఐస్‌క్రీం కొట్లలో పెడతారే, అది. అబ్బ, ఏం ఐసో, ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. చుక్క నీరు కారదట, అలా గాల్లో కలిసిపోతుందట. నా పాలకి ఓ ముక్క ఇవ్వమంటే మిషన్లకి కావాలన్నాడు. కాని మంచోడే. ఇందాక మీరు ఇటు వస్తున్నప్పుడే, వాళ్ళు షాట్‌కి సర్దుకుంటుంటే, ఆయన మళ్ళీ తొట్టెడు మోసుకెళ్ళాడు. పాపం వర్జిల్‌కైనా చల్లగా ఉండాలన్నాడు.”

రైల్వేలో ఉండగా ప్రూట్ ఒకసారి పళ్ళ బోగీ తలుపు తెరిపించాడు. లోపల టికెట్టు లేకుండా ఎక్కిన ఇద్దరు పడుకుని ఉన్నారు, మొహాలు నీలంగా. బోగీ నిండా ఆ పొగల ఐసే. గాలి రాని చోట దాని పొగ నిండితే మనిషికి పీల్చుకోవడానికి ఏమీ మిగలదని డాక్టరు అప్పుడు చెప్పాడు. ఈగలకైనా మిగలదు.

“బ్రిగ్స్‌ని ఎందుకు చంపాడు?” అన్నాడు పైకే. మేబెల్ తెల్లబోయి చూసింది.

అప్పుడు అతడి కన్ను గుడారం కర్రకి గుచ్చిన కాగితం మీద పడింది. రాత్రి టైపు చేసి అందరికీ పంచిన ఇవాళ్టి పనుల జాబితా. రెండో వరసలో ఉంది: కెమెరా, వర్జిల్ నోక్స్.

పొద్దున పోట్లాట కొట్టంలో జరిగింది. పన్నెండుమంది చూశారు. ఆ పన్నెండుమందిలో వెస్కాట్ లేడు. కిటికీల్లేని లారీలో కూర్చున్నవాడికి ఆ కాగితమే దిక్కు. పెట్టెలో వర్జిల్ ఉన్నాడనుకునే అతడు మీట నొక్కాడు. ఆ ధబ్ ధబ్ వర్జిల్‌దే అనుకుని చివరిదాకా విన్నాడు.

“షూటింగ్ మొదలెట్టారా?” అన్నాడు ప్రూట్.

“ఎర్రదీపం వెలిగి చాలాసేపైందిగా,” అంది మేబెల్.

మూడూ పదిహేడు. ప్రూట్ పరిగెత్తాడు. బేడీలు ఊడదీయించింది తనే, నిర్దోషి అని నిరూపించింది తనే. వెస్కాట్ ఆ మైనం అంత తేలిగ్గా వినిపించింది అందుకే. జైలు కారులో ఉంటే ఈ పాటికి వర్జిల్ చల్లగాలి పీలుస్తూ ఉండేవాడు. కాళ్ళు ఎంత వేగంగా పడినా ఆ ఆలోచన ముందే పరిగెడుతోంది.

కొట్టంలో టేక్ నడుస్తోంది. హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నాడు. మిగతావాళ్ళందరూ వేళ్ళు పెదవుల మీద పెట్టుకున్నారు. ప్రూట్ పెట్టె వైపు దూకాడు. గోర్మన్ అడ్డమొచ్చి నడుము పట్టుకున్నాడు, ఇంకో చేత్తో నోరు మూశాడు. ఇద్దరూ పెనుగులాడారు. విచిత్రమేమిటంటే ఒక్కరూ శబ్దం చేయలేదు. పొద్దున ఏం జరిగిందో తెలిసిన తరవాత కూడా మైకు ముందు చప్పుడు చేయకూడదన్న అలవాటు ఆ కొట్టంలో మనుషుల నరాల్లో ఉండిపోయింది. లాఫర్టీ కళ్ళెర్రజేశాడు. హీరో ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ప్రూట్ తల వెనక్కి విసిరి గోర్మన్ ముక్కు మీద కొట్టాడు. పట్టు వదలగానే పెట్టె గడియ లాగాడు.

వర్జిల్ తలుపుతోపాటే బయటికి ఒరిగి పడ్డాడు. అతడి వెనకాల తెల్లటి పొగ నేలమీద పాకుతూ వచ్చింది. ఐడా కళ్ళెం వదిలేసి వచ్చి తమ్ముణ్ణి గాలిలోకి ఈడ్చుకుపోయింది. మొహం నీలంగా ఉంది. ఛాతీ కదల్లేదు. ఆమె వీపు మీద బలంగా చరిచింది, మళ్ళీ చరిచింది. మూడోసారికి ఒక్క ఊపిరి, బొంగురుగా, ఎక్కడో లోతునుంచి వచ్చినట్టు వచ్చింది. తరవాత ఇంకొకటి.

“కొట్టాను అక్కా,” అన్నాడు చాలాసేపటికి. “టేక్ పాడవుతుందని మెల్లగా కొట్టాను.”

“గట్టిగా కొట్టాల్సింది కదరా, నీ దుంపతెగ.”

“వెస్కాట్ వింటూ ఉంటాడుగా. ఎలాగూ తలుపు తీయిస్తాడనుకున్నా.”

గోర్మన్ ముక్కునుంచి రక్తం కారుతోంది, తుడుచుకోవడం లేదు. తను ప్రూట్ నడుము పట్టుకుని ఆపింది ఎన్ని క్షణాలో లెక్క వేసుకుంటున్నట్టుంది అతడి మొహం. “నేను పట్టుకున్నాను,” అన్నాడు. “ప్రూట్, నేనే పట్టుకున్నాను.”

“అది తరవాత,” అన్నాడు ప్రూట్ వర్జిల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటూ. “పొద్దున పెట్టెలో ఉండాల్సింది నువ్వు. వెస్కాట్ చంపాలనుకుంది నిన్ను. ఎందుకు?”

వర్జిల్ కళ్ళు మూసుకున్నాడు. “చికాగోలో ఒక స్టూడియో తగలబడింది. మూడేళ్ళవుతుంది. బయటి చప్పుడు రాకూడదని సౌండ్ మనిషి తలుపులకి తాళం వేయించాడు. ఏడుగురు అమ్మాయిలు లోపలే కాలిపోయారు. వాడు పారిపోయాడు, ఇప్పటికీ దొరకలేదు. నేను అప్పుడు అక్కడ రేకులు మోసేవాణ్ణి. పోయిన వారం వెస్కాట్‌ని, మీరు చికాగోలో ఉండేవారా అనడిగాను. కాదన్నాడు. నేనూ పొరపాటనుకున్నాను.”

“రుజువేమైనా ఉందా?”

“ఆ స్టూడియోవాళ్ళంతా కలిసి దిగిన ఫొటో ఉంది. వాడు మూడో వరసలో ఉంటాడు. పడకల షెడ్డులో, నా మంచం కింద, రేకు పెట్టెలో.”

ప్రూట్ లేచి గోర్మన్ భుజం పట్టుకున్నాడు. “నలభై అడుగుల దూరంలో ఉన్నాడు. లారీకి కిటికీలు లేవు, ఇక్కడ ఏం జరిగిందో చూడలేదు. మనకి తెలిసిపోయిందని వాడికింకా తెలీదు. నువ్వు వెనకనుంచి మెల్లగా వెళ్ళు, నేను ముందు ఆ ఫొటో తీసుకొస్తాను.”

గోర్మన్ తుపాకి తీశాడు. అప్పుడు ఐడా ప్రూట్ చొక్కా పట్టుకుని లాగింది. మాట్లాడలేదు, పైకి చూపించింది.

వాళ్ళ తలలకి మూరెడు పైన, లారీలోని హెడ్‌ఫోన్‌కి పోయే మైకు వేలాడుతోంది. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. లాఫర్టీ నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు, హీరో హీరోయిన్ చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఇంతసేపూ ఎవరూ కట్ అనలేదు.